గువ్వలగుండానికి వెళ్లిన మరచెంబు

నేను ఒక మరచెంబును. ఇత్తడి ఒళ్లు, లోపల కళాయి పూత, మెడ చుట్టూ మరలు, ఆ మరల మీద బిగుసుకునే మూత, మూత మీద పట్టుకోవడానికి ఒక కడియం. ఇప్పటివాళ్లు నన్ను చూసి పూజసామాను అనుకుంటారు. కాదు. నేను ప్రయాణాల కోసం పుట్టాను. రైలు ఎంత కుదిపినా, బస్సు ఏ గోతిలో పడినా, నన్ను తలకిందులుగా సంచిలో కుక్కినా చుక్క నీరు కారనివ్వను. అంత నమ్మకంగా నోరు మూసుకోగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇవాళ ఆ నోరు విప్పుతున్నాను. పాత వస్తువు మాట్లాడితే ఏడుపు తప్ప ఇంకేమీ రాదని మీలో కొందరికి ఒక అభిప్రాయం. నేను ఏడవడానికి రాలేదు. గువ్వలగుండం ప్రయాణం బ్రహ్మాండంగా జరిగిందని మా ఇంటి అల్లుడు ఫణికుమార్ ఊరందరికీ చెబుతున్నాడు, ఫోన్‌లో ఫొటోలు తీసి చూపిస్తున్నాడు. బ్రహ్మాండంగా జరగలేదు. ఎలా జరిగిందో నాకు తెలుసు. ఆ నీళ్లలో మునిగి వచ్చినదాన్ని నేను.

నన్ను చేసింది అజ్జరంలో. ఇత్తడి పనికి గోదావరి జిల్లాల్లో ఆ ఊరికి ఉన్న పేరు మీరు వినే ఉంటారు. కంచరి నన్ను కొలిమిలో కాల్చాడు, సుత్తితో మొత్తాడు, మళ్లీ కాల్చాడు. ఒళ్లు గుండ్రంగా రావడానికి తిన్న దెబ్బలు నేను లెక్కపెట్టుకోలేదు. అంతా అయ్యాక నీళ్లు పోసి, మూత బిగించి, తన పొడి పంచె మీద నన్ను బోర్లించాడు. పంచె తడవలేదు. "ఇక నీ ఇష్టం, ఎక్కడికైనా పో" అన్నాడు. దీవెన అంటే అదే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

నన్ను కొన్నావిడ తాడేపల్లిగూడెం అచ్చాయమ్మ. ఆమెకు తీర్థయాత్రల పిచ్చి. నిజం చెప్పాలంటే తీర్థం కంటే యాత్ర మీద ఎక్కువ మక్కువ. కాశీలో దేవుడి ముందు నిలబడింది కాసేపే, ఆ దారంతా రైలు కిటికీ దగ్గర మాత్రం పక్కవాళ్లు తిట్టినా కదలకుండా కూర్చుంది. మొగుడు పోయిన ఆడది ఇలా తిరగడమేమిటని చుట్టాలు సణిగితే, "నేను తిరిగితే మీ కాళ్లు నొప్పెడుతున్నాయా?" అనేది. ఆమె చేతిలో నేను పూరీ చూశాను, రామేశ్వరం చూశాను. ఆమె ఓపిక తగ్గాక నన్ను మేనకోడలు పేరిందేవికి ఇచ్చింది.

పేరిందేవి ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఆవిడ ఈల వేస్తే పిల్లలతో పాటు రోడ్డు మీద సైకిళ్లు కూడా ఆగేవి. ఏటా ఒకసారి పెద్ద తరగతి పిల్లల్ని విహారయాత్రకు తీసుకువెళ్లేది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ తల తిరిగే పిల్ల ముందు సీట్లోకి మారాలి, అన్నీ ఆవిడ బుర్రలో ఉండేవి. అలా ఒక ఏడు నర్సీపట్నం దాటి మన్యం కొండల్లోకి, గువ్వలగుండానికి వెళ్లాం. కొండ నుంచి జారే నీళ్లు, కింద గుండం, గుండం ఒడ్డున ఏనుగు వీపులాంటి నల్లరాయి. పిల్లలంతా ఆ రాయి మీద కూర్చుని పులిహోర తిన్నారు. నేను చేతులు మారుతూ ఎన్నిసార్లు నిండానో, ఎన్నిసార్లు ఖాళీ అయ్యానో!

తరువాత ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి. నీళ్లు కొనుక్కోవడం, తాగడం, సీసా విసిరెయ్యడం మనుషులకు బాగా నచ్చింది. నేను బరువు అన్నారు. అటక ఎక్కించారు. పైన ఒక గిలక, విరిగిన కుట్టుమిషను పక్కన ఏళ్లు గడిపాను. సరే, దుమ్ము పట్టినంత మాత్రాన ఇత్తడి మట్టి అయిపోదు.

నన్ను మళ్లీ కిందకు దింపింది జబ్బు. పేరిందేవికి ఒక్కతే కూతురు, హైమ. తాడేపల్లిగూడెంలోనే ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. ఆమె వెన్నుపూసకు క్షయ పట్టింది. నెలల తరబడి పడుకోబెట్టారు. లేస్తే నడుముకు గట్టి బెల్టు. మందుల వేడికి ఏది తిన్నా కక్కేది, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు వాసన చూస్తేనే డోకు. అప్పుడు పేరిందేవికి నేను గుర్తొచ్చాను. చింతపండుతో తోమి, కళాయి పెట్టించి ఆస్పత్రికి తీసుకొచ్చింది. నా నీళ్లు హైమ కడుపులో నిలిచాయి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను.

ఫణికుమార్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. మనిషికి ముందుచూపు లేదు గాని మనసుంది. భార్య మంచం పట్టిన నాటి నుంచి అన్నం తినిపించాడు, తల దువ్వాడు, జడ వేయడం నేర్చుకున్నాడు. ఆ జడ ఎప్పుడూ ఒక పక్కకే పోయేది. హైమ అద్దం అడిగేది కాదు.

ఒక రోజు హైమ గోడ వైపు తిరిగి పడుకుని ఎంత పిలిచినా పలకలేదు. పేరిందేవి మంచం పక్కన కూర్చుని నన్ను ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు లేచి నిలబడవే. నిన్ను గువ్వలగుండం తీసుకెళ్తాను. ఆ నీళ్ల చప్పుడు వింటే చచ్చినోడు కూడా లేచి కూర్చుంటాడు" అంది. హైమ తిరగలేదు గాని, "చాలా దూరమా అమ్మా?" అని అడిగింది. చాలా రోజుల తర్వాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

హైమ లేచింది. మెల్లగా నడిచింది. బెల్టు తీసేసిన రోజు డాక్టరు, "ఇంక మామూలు మనిషివేనమ్మా. నడువు, ఎక్కు, దిగు, ఈదాలనుంటే ఈదు. కాస్త జాగ్రత్తగా ఉంటే చాలు" అన్నాడు. అన్ని మాటల్లో పేరిందేవి చెవికెక్కింది 'జాగ్రత్త' ఒక్కటే. ఆ రోజు నుంచి ఇంట్లో ఇవే మాటలు: వంగకు, ఎత్తకు, కూర్చో. హైమ కూర్చునేది. ఎదురుచెప్పే ఓపిక కూడా జబ్బుతోనే పోయిందేమో అనిపించేది నాకు.

కార్తీకమాసం వచ్చింది. వరసగా సెలవులు పడ్డాయి. ప్రయాణం ఏర్పాట్లు తాను చేస్తానన్నాడు ఫణి. "మీరు ఏమీ పట్టించుకోకండి అత్తయ్యగారూ. అంతా నేను చూసుకుంటాను" అన్నాడు. చూసుకోవడమంటే ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. అందులో ఒక కుర్రాడు పొద్దున గుహలు, మధ్యాహ్నం కాఫీతోటలు, సాయంత్రం జలపాతం చూసేశాడు. ఆ కుర్రాడు చూసినప్పుడు మనం చూడలేమా అని ఫణి ధీమా. సెలవులు తనకొక్కడికే ఇచ్చారన్నట్టు బయల్దేరాడు.

నర్సీపట్నం దాటి ఘాట్‌రోడ్డు ఎక్కేసరికి ముందు కార్లు, వెనక కార్లు, మధ్యలో వనభోజనాల బస్సులు. ఎక్కడం లేదు, పాకుతున్నాం. గుహల దగ్గరికి చేరేసరికి గేటుకు తాళం. లోపల మరమ్మతులట, వానాకాలం నుంచీ మూసే ఉన్నాయట. "వీడియోలో చెప్పలేదే!" అన్నాడు ఫణి, ఆ తాళం తనను మోసం చేసినట్టు. కాఫీతోటల దగ్గర కారు ఆపడానికి చోటు దొరకలేదు. కిటికీలోంచి ఫణి కాఫీమొక్క అని చూపించింది సీతాఫలం చెట్టు అని పేరిందేవి తేల్చింది.

లాడ్జి సంగతి చెప్పకుండా ఉండలేను. ఫోన్‌లో ఫొటో చూసి గది మాట్లాడాడు. ఫొటోలో కిటికీ, కిటికీలోంచి లోయ, లోయలో మంచు. తీరా వెళితే గది కిటికీ బస్టాండు వెనకగోడ మీదికి తెరుచుకుంది. లోయ ఎక్కడుందని అడిగితే, లాడ్జి బల్ల దగ్గర కూర్చున్నాయన తల ఎత్తకుండా తన వెనక గోడకు వేసిన రంగుల బొమ్మను చూపించాడు. అదీ లోయ. నిజంగానే బాగా వేశారు.

మర్నాడు పొద్దున లోయ కనబడే వ్యూపాయింటు దగ్గర ఆగాం. ఫొటోలు దిగడానికి హృదయం ఆకారంలో ఒక ఇనప చట్రం పెట్టారు. జనం వరస కట్టి అందులో నిలబడి నవ్వి వస్తున్నారు. ఆ చట్రం వెనక్కి ఎవరూ తొంగిచూడటం లేదు. నేను చూశాను. లోయ అంచు నిండా సీసాలు, చిప్స్ కవర్లు, పసిపిల్లల డైపర్లు. ఒక కోతి పాన్‌మసాలా పొట్లం నాకి మొహం చిట్లించుకుంది. ప్రకృతి అంటే మనుషులకు ఎంత ప్రేమో! అంత దూరం నుంచి వచ్చి, తమ ఇంట్లో ఉన్నదంతా దానికి ఇచ్చిపోతారు.

కారులో హైమ మాట్లాడటం మానేసింది. గోడ వైపు తిరిగి పడుకున్నప్పటి మొహమే మళ్లీ. ఫణి అద్దంలో ఆ మొహాన్ని చూస్తూ నడుపుతున్నాడు. పేరిందేవి అతన్ని చూస్తోంది.

"గువ్వలగుండం మాత్రం అలా ఉండదండీ" అన్నాడు ఫణి. "లోపలికి నడవాలి గదా. అంత దూరం ఎవరు వస్తారు?"

అందరూ వచ్చారు. దారి పొడుగునా వాళ్లు వచ్చిన గుర్తులు ఉన్నాయి. విస్తళ్లు అనుకునేరు, థర్మకోల్ పళ్లేలు. ఉసిరిచెట్టు కింద భోంచేస్తే పుణ్యమని వచ్చినవాళ్లు ఆ పుణ్యం తీసుకుని ఎంగిలి చెట్టుకు వదిలి వెళ్లారు. చెట్ల మధ్య నుంచి నీళ్ల చప్పుడు వినబడింది. పేరిందేవి మొహం విప్పారింది. నాలుగు అడుగులు వేయగానే చప్పుడు మునిగిపోయింది. ఎవరో పాటల పెట్టె పెట్టారు.

జలపాతం మాత్రం జలపాతమే. దాన్ని ఎవరూ పాడుచేయలేకపోయారు. పైనుంచి తెల్లగా, లెక్కలేకుండా పడుతోంది. పాడైంది కింద ఉన్నది. గుండం మూలల్లో సీసాలూ పళ్లేలూ తెట్టుకట్టాయి. ఏనుగు వీపులాంటి ఆ నల్లరాయి మీద కోడిబొమికలు, పగిలిన సారా సీసా, ఎండిపోయిన సాంబారు.

హైమ అంతా ఒకసారి చూసింది. "వెళ్లిపోదాం అమ్మా" అంది.

ఫణి అక్కడే చతికిలబడ్డాడు. "నాదే తప్పు. అన్నీ నేనే చెడగొట్టాను. దీనికోసమా నిన్ను ఇంత దూరం..." అన్నాడు.

"చెడగొట్టావు ఫణిబాబూ. సందేహమేం లేదు" అంది పేరిందేవి, చీర కొంగు బొడ్లో దోపుతూ. "ఏడుద్దువుగాని తర్వాత. ముందు ఆ గాజుపెంకులు ఏరు. చెయ్యి కోసుకోకు. నా కూతురికి గుండం చూపిస్తానన్నాను, చూపించే వెళ్తాను."

సంచి బోర్లించి నన్ను తీసింది. మూత విప్పి రాయి మీద పెట్టింది. ఇక మొదలు. వాగు పైకి వెళ్లి, శుభ్రంగా పారే చోట నన్ను ముంచడం, తెచ్చి రాయి మీద పొయ్యడం, కాలితో రుద్దడం. ఫణి పెంకులూ బొమికలూ కవర్లో ఎత్తాడు. ముంచడం, పొయ్యడం, రుద్దడం. పాటల పెట్టె కుర్రాళ్లలో ఒకడు, "పెద్దమ్మా, పంచాయతీ వాళ్లు జీతం ఇస్తున్నారా?" అని అరిచాడు. "నీకు సిగ్గు ఇచ్చారా?" అని పేరిందేవి తిరిగి చూడకుండానే అంది. అవతల నవ్వులు ఆగాయి. కాసేపటికి పాట కూడా తగ్గింది.

నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎన్నో ఏళ్ల తరువాత వాగునీరు నా గొంతులో దిగుతోంది. లోకంలోని చెత్తంతా మా వల్ల పోదని నాకు తెలుసు, పేరిందేవికీ తెలుసు. కానీ ఆ రాయి నల్లగా మెరిసింది. ఆవిడ పైట చెంగుతో తుడిచి, "ఇప్పుడు కూర్చోవే" అంది. హైమ వచ్చి కూర్చుంది, చెప్పినట్టే, ఎప్పటిలాగే.

అప్పుడు వచ్చారు పెళ్లి ఫొటోల వాళ్లు. పెళ్లికి ముందే తీయించుకుంటారట. పెళ్లికొడుకు కోటు, పెళ్లికూతురు నేల మీద ఈడ్చే ఎర్రటి గౌను, ఇద్దరి ముందూ కెమెరా మెడలో వేసుకున్న ఫొటోగ్రాఫరు. అతని కన్ను మా రాయి మీద పడింది.

"మేడమ్, కొంచెం లేస్తారా? ఇక్కడొక్కటే నీట్‌గా ఉంది. రెండు ఫొటోలు తీసుకుని ఇచ్చేస్తాం."

"నీట్‌గా దానంతటది లేదయ్యా. మేము కడిగాం" అంది పేరిందేవి. "మీరూ ఇంకోటి కడుక్కోండి. రాళ్లకేం కొదవ?"

"టైం లేదు మేడమ్. వెలుతురు పోతుంది. చుట్టూ చెత్త ఉన్నా పర్లేదు, కెమెరాలో రాకుండా కట్ చేసేస్తాం."

"అలా కట్ చేసీ చేసీ గదా ఇదంతా ఇలా ఉంది. మా అమ్మాయి ఇక్కడ కూర్చోవడానికి ఎంత కష్టపడి వచ్చిందో నీకు తెలీదు. లేవదు."

"ప్లీజ్ ఆంటీ" అంది పెళ్లికూతురు. చెడ్డపిల్ల కాదు; పొద్దున్నుంచి ఆ గౌనులో ఉక్కపోసి అలిసిపోయింది. బతిమాలుదామని రాయి మీదకు రెండు అడుగులు వేసి, పేరిందేవి మొహం చూసి, వెనక్కి తిరిగింది. ఆమెతో పాటు గౌను తిరిగింది. ఆ ఎర్రటి అంచు, రాయి కొసన ఉన్న నన్ను ఒక్క తోపు తోసింది.

దొర్లాను. ఠంగున ఒక రాయికి, మళ్లీ ఇంకో రాయికి కొట్టుకుని గుండంలో పడ్డాను. మూత లేదు కదా, నీళ్లు నిండాయి. మునిగాను. నా పైన సీసాలు తేలుతున్నాయి, పళ్లేలు తేలుతున్నాయి. అడుగున బురదలో కూర్చుని నేను వాటిని కింద నుంచి చూశాను. భయం వేసింది, దాచను. ఇక్కడే ఉండిపోతే కొన్నాళ్లకు నేనూ వాటిలో ఒకదాన్ని. తేడా ఎవరికి తెలుస్తుంది? నాకు తెలుస్తుంది. నేను చెత్తను కాను. వంద కార్తీకాలు ఈ బురదలో ఉన్నా కాను.

పైన మాటలు నీళ్లలోంచి వినబడుతున్నాయి. "సారీ ఆంటీ, నేను చూసుకోలేదు" అని పెళ్లికూతురు. "ఉండండి, నేను దిగుతాను" అని ఫణి, ప్యాంటు మడుస్తూ. "నీకు ఈత రాదు, ఆగు. నేను దిగుతా" అని పేరిందేవి.

"మీరిద్దరూ ఆగండి" అన్న గొంతు హైమది.

"నువ్వు కూర్చో!" అని పేరిందేవి డ్రిల్లు గొంతుతో అరిచింది.

"కూర్చోనమ్మా. నువ్వు కడిగిన రాయి చాలా బాగుంది. కానీ పడుకున్నాను, కూర్చున్నాను, ఏడాది నుంచి అదే పని. ఇంక నావల్ల కాదు."

నీళ్లు కదిలాయి. మొదట రెండు పాదాలు కనబడ్డాయి నాకు, ఎండ చూడక పాలిపోయిన పాదాలు. నీళ్లు ఆమె నడుము దాకా వచ్చాయి. ఆ నడుము దాకానే. తేలుతున్న సీసాల్ని రెండు చేతులతో పక్కకు నెట్టింది. "ఛీ" అంది ఒకసారి. మళ్లీ నెట్టింది. కాలి వేళ్లతో బురద వెతికింది. వేళ్లు నాకు తగిలాయి.

"దొరికింది!" అంది. ఆ గొంతులో అంత చప్పుడుంటుందని నాకు తెలియదు.

"వంగకు హైమా! నడుం! నడుం!"

"నా నడుం నాతోనే ఉందమ్మా!" అని, ఊపిరి బిగబట్టి, వంగింది. తల మునిగింది. నీళ్లలో ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. రెండు చేతులతో నన్ను పట్టుకుని పైకి లేచింది. జుట్టంతా ముఖం మీద, నవ్వు ఆ జుట్టు కింద.

పెళ్లికూతురు గౌను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని ఒడ్డుకు వచ్చి, చెయ్యి అందించింది. హైమ ఆ చెయ్యి పట్టుకోలేదు. "ఇంకొంచెం ఆగమ్మా, వస్తాను" అని అటు తిరిగి, నన్ను చంకలో పెట్టుకుని, నీళ్లు పడే చోటికి నడిచింది. ఫణి ఏదో అనబోయాడు. పేరిందేవి చెయ్యి అడ్డంపెట్టి అతన్ని ఆపింది. ఎందుకు ఆపిందో ఆవిడకే తెలియాలి.

హైమ జలపాతం కింద నిలబడింది. నీళ్లు భుజాల మీద, వీపు మీద, ఆ వెన్నెముక మీద దబదబా పడ్డాయి. నిలబడింది. నన్ను పైకెత్తి పట్టింది. నేను నిండాను, పొర్లాను, అయినా నిండుతూనే ఉన్నాను. అది నా జీవితంలో నేను తాగిన గొప్ప నీరు.

ఒడ్డున పేరిందేవి, తాను అంతసేపు కడిగిన ఆ రాయి మీద తానే కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ తుంపరలో నాకు తెలియలేదు.

గువ్వలగుండం శుభ్రపడిందని నేను మీకు అబద్ధం చెప్పను. మేము కారెక్కేసరికి రాయి మీద కొత్తగా ఎవరో పేపరు పళ్లేలు పరిచారు. తిరుగుదారిలో ఫణి దారి తప్పాడు కూడా. వెనక సీట్లో తడిచీరతో కూర్చున్న హైమ, "ఆ ఫోన్ ఇలా ఇవ్వండి. ఇకనుంచి ఎక్కడికెళ్లాలో, ఎప్పుడెళ్లాలో నేను చూస్తాను" అంది. ఫణి ఇచ్చేశాడు. అంత సంతోషంగా ఓడిపోయినవాణ్ణి నేను చూడలేదు.

అతను అందరికీ చూపించే ఫొటోల్లో చెత్త లేదు, లాడ్జి గోడ లేదు, సీతాఫలం చెట్టు కాఫీమొక్కే. మనుషులు అలాగే దాచుకుంటారు, దాచుకోనివ్వండి. నేను చెప్పవలసింది చెప్పాను.

మొన్న ఎండాకాలంలో పాతసామాన్లు కొనే ఆయన బండి తోసుకుంటూ మా వీధికి వచ్చాడు. గుమ్మంలో ఉన్న నన్ను ఎత్తి, గోరుతో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మంచి ఇత్తడమ్మా. కరిగిస్తే బాగా పనికొస్తాది. ఇచ్చేయండి, సొట్టలు పడిపోయింది గదా" అన్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. పేరిందేవి నోరు తెరవబోయింది. హైమ అంతకంటే ముందే వచ్చి నన్ను అతని చేతిలోంచి లాక్కుంది. లోపలికి తీసుకెళ్లి, కుండలో చల్లటి నీళ్లు ముంచి, బయటికొచ్చి అతని ముందు పెట్టింది.

"అది పనిలో ఉంది బాబాయ్. ముందు తాగు, మొహం చూడు ఎలా వాడిపోయిందో" అంది.

అతను గుమ్మం మీద కూలబడి, నన్ను పైకెత్తి, గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, నన్ను ఒకసారి ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇంకో చెంబెడు పొయ్యమ్మా" అన్నాడు.